ఉడత కాపురం పెట్టిన స్టార్

పులుల ఫోటోలు తీస్తానని గొప్పలకు పోయి కొనుక్కున్న లెన్సు నాది. రేపల్లె బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం రైల్లో తెనాలి చేరేసరికి ఒంట్లో ఓపికుంటేగా అడవులకు వెళ్ళడానికి! చివరికి మా పెరట్లో ఉడతలే నాకు పులులయ్యాయి. అవి మాత్రం తక్కువ తిన్నాయా? కెమెరా కంటికి ఆనించేలోపే తోక చూపించి పారిపోయేవి. ఒళ్ళు మండిపోయేది.

నిరుడు నవంబరులో ఒక ఉడత నోటినిండా కొబ్బరిపీచు కరుచుకుని, మా వసారాలో వేలాడే క్రిస్మస్ స్టార్‌లోకి దూరడం చూశాను. మంచి ఫోటో దొరికిందన్న సంబరం ఒక్క క్షణమే. ఆ వెంటనే అత్తయ్య గుర్తొచ్చారు.

ఆ స్టార్ మావయ్యగారు చేసింది. ఏటా వెదురు బద్దలు చీరి, రంగు కాగితాలు అంటించి ఆయనే చేసేవారు. అంతకు ముందు ఏడాది వసారాలో కట్టారు గానీ, వెలిగించే రోజు రాకముందే పోయారు. అత్తయ్య దాన్నెవరినీ ముట్టుకోనివ్వలేదు. ఈసారి డిసెంబరు ఒకటిన తనే వెలిగిస్తానని, కొత్త బల్బు కొని బీరువాలో దాచుకున్నారు.

బల్బు పెట్టాలంటే గూడు తీసెయ్యాలి. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఒకటో తారీఖు సాయంత్రం ఆవిడ బల్బు పట్టుకొచ్చి స్టూలు తెమ్మన్నారు. నేను కెమెరా తెచ్చాను. చిరిగిన కాగితం సందులోంచి తీసిన ఫోటో చూపించాను. పీచు మధ్య తల్లి, దాని పొట్ట కింద కళ్ళు తెరవని పిల్లలు.

చాలాసేపు చూశారు. "వేలంత లేవు కదమ్మా!" అన్నారు. బల్బు నా చేతిలో పెట్టి లోపలికెళ్ళారు. ఏడుస్తున్నారేమోనని నాకు భయమేసింది. కాసేపటికి మావయ్యగారి దిండులోంచి గుప్పెడు దూది తీసుకొచ్చి పిట్టగోడ మీద పెట్టారు.

"చలికాలం కదా" అన్నారు.

ఆ వారంలోనే చర్చి కుర్రాళ్ళు డప్పులు వాయిస్తూ క్యారల్స్‌కి వచ్చారు. వీధంతా స్టార్లు వెలుగుతున్నాయి. మా వసారా ఒక్కటే చీకటి.

"ఏంటి పిన్నిగారూ, బాబాయిగారి స్టార్ వెలిగించలేదేంటండి?" అన్నాడొకడు.

అత్తయ్య పెదాల మీద వేలుంచుకున్నారు.

"మెల్లగా పాడండయ్యా. ఆయన కట్టిన ఇంట్లో పసిపిల్లలు పడుకున్నారు."