తాలుకాయలు ఏరిన మంచం

“ఏమే, పట్టా కప్పావా?”

“కప్పానయ్యా. పడుకో.”

నాకూ నా మొగుడికీ మధ్య ఆఖరి మాటలు ఇవే. నేను కప్పింది ఆసుపత్రి దుప్పటి. నాకు సంతకం వరకే వచ్చు. మతి చెదిరిన రోగితో నర్సు ఎలా మెలగాలో నువ్వు చూసింది చెప్పత్తా అని, నర్సు చదువుతున్న నా తమ్ముడి కూతురు అడిగింది. నేను చెబుతున్నాను, అది రాస్తోంది.

పత్తికి పురుగు తగిలి అందరం మిరప వేసిన ఏడు అది. ఆయన్ని గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం. మూడో రోజుకు జ్వరంతో మతి చెదిరింది. మంచమే కాయ ఆరబోసిన కల్లం అనుకున్నాడు. చేతిలో మాత్రలు పోస్తే ఏరడం మొదలుపెట్టాడు. రంగు పోయి తెల్లబడ్డ కాయను మేము తాలు అంటాం. తెల్లబిళ్లలు కింద పారేశాడు. ఎర్రవి తలగడ కింద దాచాడు. ఒక్కటీ గొంతులోకి పోలేదు.

“ఇది ఆసుపత్రి తాతా! మందులివి!” అని పెద్ద నర్సు అరిచింది. నేనూ అరిచాను. ఆయనకు చెవుడేమీ లేదు.

“కూలికొచ్చి కబుర్లేంటే?” అని ఆమెను కసిరాడు. మబ్బు పట్టింది, కాయ మీద కప్పడానికి పట్టాలు తెమ్మంటూ సెలైన్ సూది పీక్కున్నాడు. చేతులు మంచానికి కట్టేయమంది నర్సు. కట్టింది నేనే. మిరప బస్తాల మూతులు బిగించిన చెయ్యి, నా ముడి ఊడదు.

సాయంత్రం డ్యూటీకి వినుకొండ నర్సు పిల్ల ఒకతె వచ్చింది.

“ఎవరమ్మా ఈ ముడేసింది? ఎద్దనుకున్నారా?” అంటూ విప్పింది. పక్కన కూర్చుంది. “ఏం భయం తాతయ్యా?”

“వానొస్తే కాయ తడిసిపోద్ది గదమ్మా.”

“మీ ఆవిడ ఉందిగా, చూసుకుంటది. మీరు ఆసుపత్రిలో ఉన్నారు, జ్వరం తగ్గాలి. ఇది మింగండి.”

“అది తాలు.”

“తాలుకు మాత్రం బేరం లేదా?”

బిళ్లను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. “ఉంది,” అని మింగాడు.

ఆ పిల్ల ఉన్నప్పుడల్లా మింగాడు. మళ్లీ ఎవరూ కట్టలేదు. జ్వరం మాత్రం దిగలేదు. రెండు రోజులకు, తెల్లారాక, పట్టా సంగతి అడిగాడు. పోయేటప్పుడు రెండు చేతులూ దుప్పటి మీదే ఉన్నాయి, విడిగా.

ఏమే పిల్లా, ముడేసింది నేనేనని రాశావా? విప్పారని కూడా రాశావా? ఏదీ, ముడి దగ్గర్నుంచి ఒకసారి చదువు.