దుడ్లు లేవన్న మిషను

2007లో నన్ను కర్నూలులోని ఒక కాలేజీకి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా వేశారు. సర్వర్లు చూసుకోవడం నా పని. ప్రిన్సిపాల్‌కు కింద, ల్యాబ్ అసిస్టెంట్లకు పైన, ఎవరికీ అంతుబట్టని హోదా అది.

లినక్స్ సర్వర్‌లో వెబ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి రెండు దార్లు. లినక్స్ పంపిణీదారులు పరీక్షించి సిద్ధం చేసిన ప్యాకేజీని ఒక్క ఆదేశంతో వేసుకోవచ్చు. తర్వాత భద్రతా సవరణలూ వాళ్ళే పంపుతారు. లేదంటే, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళ సైటు నుంచి సోర్స్, అంటే ప్రోగ్రాం మూలరూపం, నేరుగా దించుకుని మనమే విప్పి పెట్టుకోవాలి. సరికొత్తది దొరుకుతుంది గానీ, లోపం బయటపడినప్పుడల్లా కనిపెట్టి మళ్ళీ దించి వేసే చాకిరీ మనదే. నాకు ఈ రెండో దారి అంటే ఒళ్ళుమంట. ఎవరో అలా వేసి వదిలేసిన సైట్లను బాగుచేసీ చేసీ విసిగిపోయాను.

లైబ్రేరియన్ నాగరత్నమ్మగారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. ఆదోని వైపు పల్లె ఆమెది. ముందటేడు పోయిన వాళ్ళమ్మ మాట్లాడిన మాటలన్నీ పోగుచేసి, అందరూ చూసుకునే నిఘంటువు పెట్టాలని ఆమె ఆశ. పేజీలు రాసి, వెతుక్కునే వీలున్న వికీ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ వేసిచ్చాను. మధ్యాహ్నాలు టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని ఓపిగ్గా టైపు చేసేవారు.

ఒకరోజు నన్ను పిలిపించారు. "ఏమప్పా, దుడ్లు లేవంటాండాది నీ మిషను. మన కాలేజీ సంగతి దీనికెవరు చెప్పినారు?"

దుడ్లంటే ఆ వైపు డబ్బులు. ఇద్దరం నవ్వుకున్నాం. తీరా చూస్తే, మాట పేజీలో ఉంది, వెతికితే మాత్రం దొరకడం లేదు. ప్యాకేజీలోది పాత వెర్షన్. తెలుగు గుణింతాల దగ్గర మాటను ముక్కలు చేసి చదువుతోంది. కొత్త వెర్షన్‌లో దాన్ని సరిచేశారు గానీ అది ప్యాకేజీగా ఇంకా రాలేదు.

ఆ ఒక్క ముక్క మార్చరాదా అన్నారు. మారిస్తే తర్వాతి అప్‌డేట్ దాన్ని తుడిచేస్తుందని, మనం కదిపిన ప్యాకేజీకి పంపిణీదారులు పూచీ పడరని చెప్పాను.

"పొట్లం ఇప్పినాక అంగడోడు వాపసు తీసుకోడు. అంతే గదా!"

అంతే. ఇక మిగిలిన దారి కొత్త వెర్షన్‌ను సోర్స్ నుంచి వేయడమే. కానీ అలా వేస్తే మీరు రిటైరయ్యాక, నేను బదిలీ అయ్యాక ఎవరు చూస్తారని గట్టిగానే అడిగాను.

"మాయమ్మ గొంతు ఎట్లాగూ లేదు. మాటన్నా ఎతికితే దొరకాలప్పా. చూసేదానికి నువ్వుండావు గదా."

అంత నమ్మకంగా అనేస్తే ఏం చేస్తాం! కోపం వచ్చింది, అయినా పనిలోకి దిగాను. డేటాబేస్‌కు బ్యాకప్ తీసి, ప్యాకేజీ తొలగించి, కొత్త సోర్స్‌ను వేరే డైరెక్టరీలో విప్పాను. లోపాల కబుర్లు వచ్చే మెయిలింగ్ లిస్టులో నా చిరునామా చేర్చాను. ఆమె మళ్ళీ 'దుడ్లు' కొట్టారు. పేజీ వచ్చింది. కింద ఉదాహరణగా వాళ్ళమ్మ మాట: "దుడ్లు యాడ పెడితివే పాపా? శానా బద్రంగా పెట్టి నువ్వే మర్సిపోతావు." అమ్మ యాసలోనే పైకి చదివి నవ్వారు. ఆ తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

కడపకు బదిలీ అయ్యాక కూడా ఆ సర్వర్ పని నాకే ఉంచమని అడిగి ఒప్పించుకున్నాను. కొత్త వెర్షన్ వేసిన ప్రతిసారీ 'దుడ్లు' వెతికి, దొరికాకే లేచేవాణ్ణి.

ప్యాకేజీయే మేలని ఇప్పటికీ అంటాను. సోర్స్ నుంచి వేసేముందు మాత్రం, తర్వాత ఎవరు చూస్తారని అడగాలి. జవాబుగా ఒక మనిషి పేరు రావాలి. ఆ రోజు వచ్చిన పేరు నాది.