తెప్ప ఫొటోల పెట్టె

మా గ్రంథాలయంలో వాడరేవు ఫొటోల పెట్టె మీద దాత పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ తప్పు నాది కనుక ఇది రాస్తున్నాను.

చీరాల బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆ పెట్టె తెరిచి చూపించారు. అన్నీ ఇప్పుడు లేని పెంకుటిళ్ళు, తెప్ప మీద నిలబడి అలతోపాటు ఒడ్డుకొస్తున్న మనుషులు.

"దీన్ని సర్ఫింగ్ అంటారండీ, మా ఊరి లైబ్రరీ పుస్తకంలో చదివాను," అన్నాను.

"మేం చేపలతో ఇంటికి రావడం అంటాం అబ్బాయ్," అని నవ్వారు. "ఇవన్నీ నేను తీసినవే. నా తర్వాత చిత్తుకాగితాల్లో పోతాయి. నువ్వు చెప్పే ఆ లైబ్రరీలో పెట్టించు." పెట్టె నా ఒళ్ళో పెట్టి దిగిపోయారు.

ప్రతి ఫొటో వెనకా పేర్లున్నాయి: ఇల్లు కట్టిన మేస్త్రీది, తెప్ప మీది మనిషిది. తీసినాయన పేరు మాత్రం లేదు. దారంతా నా చదువు గురించే చెప్పాను, ఆయన పేరు అడగలేదు.

పెట్టెకు చోటిచ్చిన లైబ్రేరియన్ సుజాతగారికి, ఫొటోలకు అట్టలు వేసిన మస్తాన్‌కి కృతజ్ఞతలు. వాళ్ళకంటే ముందు రాయాల్సిన పేరు కోసం పెట్టె మీద ఒక గీత గీసి ఖాళీగా వదిలాను.