మంచం కింద బకెట్

ఈ పొద్దున చెప్పుల కోసం మంచం కిందికి వంగిన మా ఆయన, చెప్పులకు బదులు మూత పెట్టిన ప్లాస్టిక్ బకెట్ ఒకటి బయటికి లాగాడు. "ఇదేందే? నిన్ననే గదా నీళ్లొచ్చింది. డ్రమ్ము నిండుగుండాది, తొట్టి నిండుగుండాది. ఇంగా మంచం కింద గూడా పెట్టల్లా?" అన్నాడు. నేను బకెట్‌ను కాలితో మళ్లీ లోపలికి తోశాను. అనంతపురంలో కాపురం చేసే ఆడదాన్ని అడగాల్సిన ప్రశ్న కాదది. పైగా ఆ బకెట్ వెనక ఒక కథ ఉంది. చెబితే నవ్వుతాడని ఇన్నేళ్లూ ఆయనకు చెప్పలేదు.

మాది కుందుర్పి పక్కన ఒక పల్లె. మా వీధి కొళాయికి నాలుగు రోజులకొకసారి నీళ్లొచ్చేవి, అదీ మా అదృష్టం బాగుంటే. వీధి చివర ఎవరో "నీళ్లొచ్చినాయ్" అని కేకేస్తే చాలు, పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, బిందె పట్టుకుని పరుగే. బిందెలయ్యాక గిన్నెలు, గిన్నెలయ్యాక చెంబులు, చివరికి నాయన గొర్రెలకు మందు కలిపే డబ్బా కూడా తోమి నింపేవాళ్లం. అలాంటి ఇంట్లోంచి నేను జర్మనీకి పోయింది భూగర్భ జలాల మీద పై చదువుకు. మా ఊళ్లో ఈ మాట వింటే నవ్వనివాళ్లు లేరు. బస్సెక్కించేటప్పుడు నాయన చెప్పింది ఒకటే: "సదువు సంగతి నాకు తెల్దు గానీ, యాడికి పోయినా ముందు నీళ్లు పట్టి పెట్టుకోమ్మా. కొళాయిని నమ్మొద్దు."

నేను దిగింది ఒక చిన్న ఊళ్లో. మొదట భయపెట్టింది అక్కడి నిశ్శబ్దం. వీధిలో పోతుంటే యాడికి పోతాండావని అడిగేవాళ్లు లేరు. మా ఊళ్లో ఆ ప్రశ్న చిరాకుగా ఉండేది. అక్కడ ఎవరూ అడక్కపోయేసరికి దొంగతనానికి పోతున్నట్టే అనిపించేది. రెండోది కొళాయి. తిప్పితే చాలు, పగలూ రాత్రీ ధారగా నీళ్లు. నాకు నమ్మకం కుదరలేదు. అన్ని నీళ్లూ ఒక్కసారి ఇస్తున్నారంటే త్వరలో ఆపేస్తారన్న మాటే అని నా లెక్క.

నేనున్నది డెబ్బై దాటిన ఒక ఒంటరి ముసలావిడ ఇంటి పైగదిలో. ఆమె పేరుకు నా నోరు తిరగక మనసులో అవ్వ అనుకునేదాన్ని. అవ్వ నవ్వే మనిషి కాదు. నేను ఆ ఇంట్లో ఉంటున్నానని ఆమె ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, ఆ కాగితం లేకుంటే ఊరి నమోదు ఆఫీసులో నా పేరు ఎక్కదు, పేరు ఎక్కకుంటే వీసా పని ముందుకు సాగదు. ఆమేమో, "పది రోజులు చూస్తాను. ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటే సంతకం పెడతాను, లేకుంటే వేరే గది వెతుక్కో" అంది. ఆ ఊళ్లో గది దొరకడం మా ఊళ్లో వాన పడటం లాంటిదని నాకప్పటికే తెలిసిపోయింది.

ఆ పది రోజులూ మెట్లెక్కితే చప్పుడవుతుందేమోనని మునివేళ్ల మీద నడిచాను. తాలింపు వేస్తే వాసనొస్తుందని రొట్టె ముక్కలతో కాలం గడిపాను. ఇంత జాగ్రత్తపరురాలిని, నీళ్లు మాత్రం మానలేదు. బట్టల బీరువాలో, పుస్తకాల వెనక, కిటికీ పరదా చాటున సీసాలు. పాత సామాన్ల సంతలో దొరికిన ఒక రేకు బకెట్ నింపి మంచం కింద చాప మీద పెట్టాను. రోజూ పొద్దున చూస్తే బకెట్లో రెండు మూడు వేళ్ల మేర నీళ్లు తగ్గి ఉండేవి. ఎండ తాగేసిందిలే అనుకుని మళ్లీ నింపేదాన్ని. పళ్లు పటపటలాడే చలిలో ఎండెక్కడిదన్న ఆలోచన, భూగర్భ జలాలు చదవడానికి వెళ్లిన నాకు, ఒక్క రోజూ రాలేదు.

ఎనిమిదో రోజు అవ్వ కిందికి పిలిచి తన గది పైకప్పు చూపించింది. పళ్లెమంత తడి మచ్చ. తొమ్మిదో రోజుకు అది చాటంత అయింది. "గోడలో పైపు పగిలింది. రేపు తొమ్మిదింటికి ప్లంబర్ వచ్చి నీ స్నానాలగది గోడ పగలగొడతాడు" అంది. పదో రోజు పొద్దున ఏడింటికి, అలవాటుగా నింపుదామని బకెట్ ముందుకు లాగితే, కింద చాప బురద తొక్కినట్టు చప్పుడు చేసింది. రేకు అడుగున సూది బెజ్జమంత చిల్లు.

నాయనకు ఫోన్ చేశాను. గొర్రెల మధ్య ఉన్నట్టున్నాడు, గంటలు వినబడుతున్నాయి. అంతా చెప్పి, "ఊరుకుంటే పైపుదే అనుకుంటారు నాయనా. చెప్తే సంతకం పెట్టదు" అన్నాను. "గోడ పగలగొట్టినాంక చెప్తే ఎవురికేం లాభం?" అన్నాడు. "రూము పోతే ఇంగోటి ఎతుక్కోవచ్చు. పోయి చెప్పేయ్." నాకు కోపమొచ్చింది. ఇంకో గది దొరకడం ఎంత కష్టమో ఆయనకేం తెలుసని ఫోన్ పెట్టేశాను.

తొమ్మిదింటికి అవ్వ వెంట ప్లంబర్ పైకొచ్చాడు. గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. సుత్తి తీశాడు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ నేను, "ఆగండి, మా ఊళ్లో నీళ్లు రావు" అన్నాను, వచ్చీరాని వాళ్ల భాషలో. అతను నీళ్లు రావట్లేదని నేను ఫిర్యాదు చేస్తున్నాననుకుని కొళాయి తిప్పి చూశాడు. వస్తున్నాయిగా అన్నాడు. ఇక లాభం లేదని మంచం కింది బకెట్ లాగి వాళ్ల ముందు పెట్టి, అడుగున చిల్లు చూపించాను. తర్వాత సీసాలు. ఒక్కొక్కటే తెచ్చి వరసగా పెడుతుంటే నాకే అవి ఇన్నెక్కడివా అనిపించింది.

అవ్వ ప్లంబర్‌ను పంపించేసింది. "ఎందుకు?" అని అడిగింది. "నాలుగు రోజులకొకసారి వస్తాయి, ఆగిపోతాయని..." అన్నాను. ఆమె కొళాయి పూర్తిగా తిప్పి పక్కకు తప్పుకుంది. నీళ్లు ఊరికే పోతున్నాయి. నేను చూడలేక కట్టేశాను. ఆమె మళ్లీ తిప్పింది. నేను మళ్లీ కట్టాను. మూడోసారి తిప్పి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఎంతసేపు అలా నిలబడ్డామో తెలియదు. గొడ్డూ గోదా తాగాల్సిన నీళ్లు కళ్లముందు పోతుంటే నాకు ఏడుపొచ్చింది. "ఆగిపోయిందా?" అంది. లేదన్నాను. "రేపూ ఆగదు. సీసాలు ఖాళీ చెయ్" అని కిందికి వెళ్లిపోయింది.

స్నానాల తొట్లో పారబోయడానికి చేతులు రాలేదు. ఒక్కో సీసా కిందికి మోసుకెళ్లి ఆమె పెరట్లో చెట్ల మొదట్లో పోశాను. అప్పటికే తడి నేల, తాగలేదు. అవ్వ కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆ సాయంత్రం నా తలుపు కింద కాగితం తోసి ఉంది, సంతకంతో. ఎందుకు పెట్టిందో ఆమె చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేదు.

రెండేళ్ల తర్వాత చదువు ముగించి మా ఊరికి తిరిగొచ్చాను. వచ్చిన రెండో రోజు తెల్లవారుజామున వీధి చివర కేక వినబడింది. మెలకువగానే ఉన్నాను. తర్వాత పట్టుకుందాంలే అని అటు తిరిగి పడుకున్నాను. అమ్మ ఒక్కతే పరుగెత్తి రెండు బిందెలు పట్టేసరికి నీళ్లు ఆగిపోయాయి. అమ్మ నన్ను తిట్టబోతే నాయన అడ్డం వచ్చాడు. "ఊరికే ఉండు. నా బిడ్డ ఇంగా ఊరికి రాలేదులే," అన్నాడు.

నాయన అన్న ఆ మాట ఈ పొద్దున బకెట్‌ను కాలితో తోస్తున్నప్పుడు కూడా వినబడింది. కొళాయిని నమ్మడం నేర్చుకోవడానికి నాకు అక్కడ రెండేళ్లు పట్టింది. ఆ నమ్మకం పోవడానికి ఇక్కడ మళ్లీ నీళ్లొచ్చేదాకా ఎదురుచూసిన నాలుగు రోజులే సరిపోయాయి.