చింతపండులో ఉడికిన తీగలు

మొన్న ఆదివారం మా బావమరిది కూతురు తన బేస్ గిటార్ తెచ్చి, సికిందరాబాదు కార్ఖానా పేటలోని మా ఇంట్లో భోజనాల బల్ల మీద పడుకోబెట్టి, పక్కన ఒక తీగల పొట్లం పెట్టింది. ఉన్న తీగలు తీసేసి వాటికన్నా సన్నగా ఉన్న ఈ కొత్తవి వేసిపెట్టమని అడిగింది. స్క్రూడ్రైవర్ పట్టి ఏళ్ళయినా, పొడుగాటి మెడతో నాలుగే నాలుగు లావు తీగలున్న ఆ వాద్యాన్ని చూడగానే నా వేళ్ళు వాటంతటవే కదిలాయి. పాటలో బేస్ చెవికన్నా ముందు కడుపుకు తెలుస్తుంది. అది ఆగిపోయినప్పుడు గాని అంతవరకూ ఉందన్న సంగతి జనానికి తట్టదు.

ఒకప్పుడు సికిందరాబాదులో నా చెయ్యి పడని బేస్ గిటార్ లేదు. ఈ మాట నేను చాలామందికి చెప్పాను, మీకూ చెబుతున్నాను. అయితే ఆ రోజుల్లో ఊరు మొత్తం మీద నాకు తెలిసినవి ఏడే. వాటిలో నా చెయ్యి పడినవి నాలుగు, నా చెయ్యి పడ్డాక మళ్ళీ మోగనిది ఒకటి.

సన్న తీగలెందుకని అడిగాను. బేగంపేటలో తన ఆఫీసు స్నేహితులతో కలిసి ఆ అమ్మాయి ఒక బ్యాండులో వాయిస్తోంది. తను వాయించేది ఎవరికీ వినబడటం లేదట.

"శనివారం ప్రోగ్రాం ఉంది మామయ్యా. ఈసారి సుత నువ్వు వినవడకుంటే కీబోర్డుతోనే బేస్ పెట్టుకుంటం అన్నరు. గట్టిగ కొడదామంటే నాన్న వద్దంటడు. మన ఇంట్ల చేతులే బరువంట, తీగలు తెగుతయంట. సన్నయైతే మెల్లగ ముట్టినా మోగుతయ్ గదా."

చేతులు బరువు అన్న మాట వినగానే నేను కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాను. ఆ మాట వాళ్ళ నాన్నది కాదు, నాది. అది అబద్ధమని తెలిసినవాణ్ణి భూమ్మీద నేనొక్కణ్ణే.

అది చెప్పేయవలసిందే, కానీ నేను పనివాణ్ణి, ముందు పనిలోకి పారిపోయాను. తీగల మోతను పట్టే పికప్ కింది మరలు తిప్పి దాన్ని తీగలకు దగ్గరగా లేపాను, వాల్యూం బిరడాలో చేరిన దుమ్ము దులిపాను, మెడ వంపు చూశాను. ఇంత చేశాక వాయించమంటే ఆ పిల్ల వేడి పెనాన్ని ముట్టుకున్నట్టు తీగను ముట్టుకుని చెయ్యి లాగేసుకుంది. ముట్టుకోవడానికే భయపడే చేతికి పికప్ ఎంత లేపినా ఏం లాభం?

మాది విజయనగరం వైపు. ఉద్యోగం వెతుక్కుంటూ ఇటు వచ్చి మోండా మార్కెట్ దగ్గర ఒక హార్మోనియం రిపేరు దుకాణంలో చేరాను. నా పనితనానికి మురిసిపోయి యజమాని కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడని మా ఊరి చుట్టాలకు చెబుతుంటాను. ఆయన నాచేత రెండేళ్ళు తిత్తులు కుట్టించి, కూతురు అన్నం మానేస్తానంటే తప్ప ఒప్పుకోలేదని మా ఆవిడ వెంటనే సరిచేస్తుంది. ఆయన కొడుకే నా బావమరిది, ఈ అమ్మాయి తండ్రి. వాడు బేస్ వాయించేవాడు. వాడికోసమే నేను హార్మోనియం వదిలి గిటార్ల వెనక పడ్డాను.

నేర్పేవాళ్ళు లేరు, పుస్తకాలు లేవు. ఎండాకాలం ఈ ఊరి పొడి గాలికి గిటార్ మెడ వెనక్కి వంగి తీగలు గరగరమంటుంటే, మెడలో ఉన్న ఇనుప కడ్డీని పావు తిప్పు వదులు చేసి, ఒక రోజు ఆగి మళ్ళీ చూడాలని చెడగొట్టి నేర్చుకున్నాను. పికప్ కాలిపోతే మా ఆవిడ కుట్టుమిషను చక్రానికి తగిలించి, వెంట్రుకంత రాగితీగను ఎనిమిది వేల చుట్లు చుట్టేవాణ్ణి. ఎనిమిది వేలన్నది వచ్చినవాళ్ళకు చెప్పే లెక్క. నిజంగా లెక్క మూడు వందల దగ్గరే తప్పేది, ఆపైన కంటికి నిండుగా కనబడేదాకా తిప్పడమే.

అన్నిటికన్నా కష్టం తీగలు. బొంబాయి నుంచి రావాలి, వచ్చేసరికి నెలలు పట్టేది. అందుకని పాతవాటినే విప్పి, చిటికెడు సోడా వేసిన నీళ్ళలో ఉడకబెట్టేవాళ్ళం. వేళ్ళ జిడ్డూ చెమటా వదిలి, మొద్దుబారిన తీగ మళ్ళీ రెండు వారాలు గంటలా మోగేది. మా ఆవిడ చారు గిన్నె పొద్దున తీగలకూ మధ్యాహ్నం చారుకూ పనికొచ్చేది. ఈ సంగతి ఆవిడకు సగమే తెలుసు.

అలాంటి రోజుల్లో బేగంపేటలోని ఒక హోటల్లో మా బావమరిదికి పిలుపు వచ్చింది. శనివారం సాయంత్రం వాయించి చూపించాలి, నచ్చితే నెల జీతం మీద బ్యాండులో చోటు. వాడు అప్పుడే తెల్లకోటు కుట్టించుకున్నాడు. సోమవారం వాడి తీగలు నా చేతికొచ్చాయి, అప్పటికే మూడుసార్లు ఉడికినవి. ఆ పొద్దున మా ఆవిడ ఇత్తడి దీపాలను చింతపండుతో తోముతుంటే అవి తళతళలాడటం చూశాను. దీపానికి పనికొచ్చింది తీగకు పనికిరాదా అనుకున్నాను. చిక్కటి చింతపండు పులుసులో తీగలను ఉడికించి, మర్నాటిదాకా అందులోనే నానబెట్టి, పైపైన తుడిచి బిగించాను. బంగారంలా మెరిశాయి. కొత్త మందు కనిపెట్టానని మా మామగారితో గొప్పలు కూడా చెప్పాను. మందు పేరు మాత్రం చెప్పలేదు.

ఆ శనివారం యాంప్లిఫయర్ మోసుకుని నేనూ వెళ్ళాను. మూడో పాటలో, అన్నిటికన్నా లావైన తీగ, కింద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర తెగి ఎగిరింది. మేనేజరు నవ్వాడు. ఆ చోటు ఇంకెవరికో పోయింది. నేను తెగిన ముక్క తీసి చూశాను. పైన చుట్టిన సన్న తీగ మెరుస్తూనే ఉంది, లోపలి ఉక్కు మాత్రం తుప్పుతో గోధుమరంగుకు తిరిగింది. పులుసు చుట్ల మధ్య దూరి ఐదు రోజులూ దాన్ని తింటూ కూర్చుంది. ముక్కను జేబులో వేసుకుని, వాడి భుజం మీద చెయ్యి వేసి, నీ చెయ్యి బరువురా, ఇలా కొడితే ఇనుమైనా ఆగదు అన్నాను. పెళ్ళయి ఏడాది కాలేదు, దుకాణం ఇంకా మామగారి చేతిలో ఉంది, పనివాడినన్న పేరు తప్ప నాకు వేరే ఆస్తి లేదు. వాడు నన్ను నమ్మాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు పెళ్ళిళ్ళలో భయం భయంగా వాయించి, మెల్లగా మానేసి, తండ్రి దుకాణంలో కూర్చున్నాడు.

ఇదంతా బల్ల దగ్గర ఆ పిల్లకు చెప్పాను. ఈసారి ఎక్కడా పెంచలేదు. ఆమె నా వంక చూసి, నాన్నకు చెప్పినవా అని ఒక్కటే అడిగింది. నేను మళ్ళీ కళ్ళజోడు తుడుచుకోబోయేసరికి ఫోను తీసి వాళ్ళ నాన్నను రమ్మంది. వాడు వచ్చేలోగా వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ నా పని పట్టింది.

"అంటే గా గిన్నెకు కళాయి లేచిపోయింది మీ తీగలతోనా? కళాయి పెట్టినాయన మోసం జేసిండని గల్లీల నిలవెట్టి కొట్లాడితిని గదా. పాపం, ముసలాయన ఒట్లు సుత పెట్టుకున్నడు."

బావమరిది కూరగాయల సంచీతోనే వచ్చాడు. వాడిముందు మళ్ళీ మొదటినుంచీ చెప్పడం చాలా కష్టమైంది. వాడు వింటూ సంచీలోంచి బెండకాయలు తీసి ఒక్కొక్కటే బల్ల మీద పేర్చాడు, అన్నీ అయిపోయాక కూడా చెయ్యి సంచీలోనే ఉంచుకున్నాడు.

"కొత్త చింతపండా బావా, పాతదా?" అన్నాడు చివరికి.

"పాతదే."

"పాతదైతే పులుపు జెర ఎక్కువుంటది," అని తలాడించాడు. ఖాళీ సంచీ మడతపెడుతూ, నా మొహంలోకి చూడకుండా, "గా దినం నేను మంచిగనే వాయించిన గదా?" అన్నాడు.

బాగా వాయించావని చెప్పాను. జీవితంలో ఎన్నో మాటలకు నగిషీలు చెక్కినవాణ్ణి, ఆ మాటకు చెక్కవలసిన పని లేకపోయింది. ఆ మూడు పాటల్లో వాడు వాయించినట్టు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

వాడు లేచి కూతురి గిటార్ ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదట వేలితో తీగను ఊరికే తాకాడు, చాలాకాలం తర్వాత ఎదురైన మనిషిని పలకరించాలా వద్దా అన్నట్టు. తర్వాత చెయ్యి ఎత్తి, ఎన్నేళ్ళ నుంచో దాచుకున్న బరువంతా వేసి కొట్టాడు. తీగ తెగలేదు. ఇంకోసారి కొట్టాడు. అప్పుడు గిటార్ కూతురి చేతికిచ్చి, "గట్టిగ కొట్టు బిడ్డా, తెగితే మీ మామ కొనిస్తడు," అన్నాడు. సన్న తీగల పొట్లం విప్పకుండానే వెనక్కి వెళ్ళింది.

నన్ను క్షమించాడో లేదో వాడు చెప్పలేదు, అడిగే ధైర్యం నేనూ చేయలేదు. శనివారం మాత్రం ఆటో తెచ్చి, నన్ను ప్రోగ్రాంకు తీసుకుపోవడానికి మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

ఇప్పుడు తీగ కాస్త మొద్దుబారితే చాలు, ఫోను మీద వేలు నొక్కితే రెండు రోజుల్లో కొత్తవి గుమ్మంలోకి వస్తాయి, పాతవి చెత్తబుట్టలోకి పోతాయి. ఉడకబెట్టే పని లేదు, ఎండలో ఆరబెట్టే పని లేదు. నాలాంటివాడి తప్పు మంచి వాయిద్యగాడి చేతిని ఇన్నేళ్ళు కట్టిపడేసే అవకాశమూ లేదు, ఇది మాత్రం మంచికే. అయినా పొద్దున వంటింట్లో నీళ్ళు మరిగే శబ్దానికి, తీగలు పైకొచ్చాయేమో చూద్దామని నాకు ఇప్పటికీ లేవబుద్ధవుతుంది.

ఆ శనివారంతో బ్యాండులో ఆ పిల్ల చోటు నిలిచింది. ఆ సాయంత్రం ఆమె దెబ్బకు బేగంపేట మొత్తం అదిరిందని కార్ఖానాలో కనబడిన ప్రతివాడికీ చెబుతున్నాను. నిజానికి కదిలింది అక్కడ మేం కూర్చున్న బల్ల మీది గ్లాసులో నీళ్ళు మాత్రమే. వాయించినంతసేపూ మా బావమరిది స్టేజీ వైపు చూడలేదు, ఆ నీళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. పక్కన కూర్చుని నేనూ వాటినే చూశాను.