పామర్రు పెళ్ళిళ్ళ ఎం.జి.

డెబ్బైల నాటి విజయవాడలో సభలకు కొదవ లేదు. సాహిత్య సభలు, సన్మాన సభలు, సంతాప సభలు, ఏ వీధిలో పోయినా ఒక మైకు వినిపించేది. బెంజ్ సర్కిల్‌కు కాస్త అవతల, బాలశౌరి మెకానిక్ షెడ్డులో సాయంత్రం ఐదున్నరకు కూడే సభకు మాత్రం మైకూ లేదు, కరపత్రమూ లేదు. సభ్యులు ముగ్గురు. సభ్యత్వానికి షరతులూ మూడే. ఒకప్పుడు రెండే సీట్లున్న స్పోర్ట్సు కారు సొంతానికి ఉండి ఉండాలి. దాన్ని తన చేతులతో తానే అమ్మి ఉండాలి. అమ్మిన నాటి నుంచి ఏడుస్తూ ఉండాలి. మొదటి రెండూ డబ్బున్నవాడెవడైనా తీర్చగలడు. మూడోదానికే నిష్ఠ కావాలి.

రైసుమిల్లు రామకోటేశ్వరరావు గారికి ఒకప్పుడు ఎర్ర ట్రయంఫ్ ఉండేది. హనుమాన్ జంక్షన్ నుంచి మిల్లుకు అందులోనే వచ్చేవారు. ఆ కారు మరీ నేలబారుది కావడం వల్ల ధాన్యం అమ్మవచ్చిన రైతు యజమాని ముఖం చూడాలంటే నడుం వంచవలసి వచ్చేది. నడుం వంచిన రైతు ధర దగ్గర మాత్రం వంగేవాడు కాదు. ఆ కారణంగా అమ్మేశారు. ప్లీడరు సంజీవరావు గారిది ఆస్టిన్. తామిచ్చిన ఫీజు ఏ రోడ్డున ఎంత జోరుగా పోతున్నదో క్లయింట్లు కళ్ళారా చూస్తున్నారని అమ్మేశారు. ఇప్పుడు ఒకరికి అంబాసిడరూ ఒకరికి ఫియట్టూ ఉన్నాయి గాని, వాటిని కార్లంటే ఇద్దరూ నొచ్చుకుంటారు.

మూడో సభ్యుడు కృపానందం గారు. కాలవల ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు డ్రాఫ్ట్‌మన్‌గా పనిచేసి, కిందటి సంవత్సరమే రిటైరయ్యారు. ఆయనది ఎం.జి. చువ్వల చక్రాలు, మడిచి పడుకోబెట్టగల ముందు అద్దం, వెనక పెట్టెలాగా నిలబడ్డ పెట్రోలు టాంకు. యాభై ఒకటిలో ఒక తెల్ల ఇంజనీరు స్వదేశం పోతూ పోతూ ఇచ్చిపోయింది. ఇప్పుడు ఆయనకున్నది సైకిలు. ఆ లెక్కన ముగ్గురిలోనూ ఆయన దుఃఖానికే మర్యాద ఎక్కువ.

సభలో చర్చ ఎప్పుడూ ఒకటే, మూడింటిలో ఏది గొప్పదని. ట్రయంఫ్ బుసకొట్టేదని రామకోటేశ్వరరావు గారు అంటే, బుసకొట్టేది పామనీ, తమ ఆస్టిన్ గొంతు సవరించుకొనేదనీ సంజీవరావు గారు అనేవారు. కృపానందం గారు కళ్ళు మూసుకొని, బందరు రోడ్డులో తాము ఎనభై మైళ్ళ మీద పోయిన పొద్దు గురించి చెప్పేవారు. అరవై నాలుగులో ఈ కథ చెప్పినప్పుడు ఆ వేగం నలభై ఐదు. అమ్మిన కారు ఏటికేడాది జోరు పెంచుకుంటుందన్నది ముగ్గురికీ అనుభవమే కనుక ఎవరూ తప్పుపట్టేవారు కాదు. తగువు ముదిరితే తీర్పరి బాలశౌరి. అతనికి కారు లేదు గాని, ఆ మూడింటినీ బాగుచేసినవాడు.

“కింద పడుకొని చూస్తే మూడూ ఒకటేనండీ,” అనేవాడు. దానితో ఆ రోజుకు సభ ముగిసేది.

ఎందుకమ్మారయ్యా అని అడిగితే, కూతురు పుట్టి ఇంట్లో మనుషులు ముగ్గురయ్యారనీ, సీట్లు రెండే ఉన్నాయనీ కృపానందం గారు చెప్పేవారు. సబబుగానే ఉండేది. అమ్మేనాటికి ఆ కూతురికి ఎనిమిదో ఏడని మాత్రం చెప్పేవారు కారు. అసలు జరిగింది వేరు. అరవై మూడులో ఆఫీసుకు ఒక కొత్త పెద్ద ఇంజనీరు వచ్చాడు. వచ్చిన మూడో రోజున వరండాలో నిలబడి, “ఈ కారెవరిది?” అన్నాడు. అంతే. ఆ రెండు ముక్కల్లో పై అధికారి ఆగ్రహమూ, బదిలీ ఆర్డరూ, పెన్షను గండమూ అన్నీ వినబడ్డాయి మన డ్రాఫ్ట్‌మన్‌కు. దొరగారికి జీపూ, గుమాస్తాకు ఎం.జి.యా? వారం తిరక్కుండా పామర్రు నుంచి వెంకటప్పయ్య అనే మనిషిని పిలిపించి అప్పగించేశారు. రెండేళ్ళ తరవాత ఆ ఇంజనీరు తన వీడ్కోలు విందులో ఆయన భుజం మీద చెయ్యివేసి, ఒక్కసారి ఆ కారులో తిప్పమని అడగాలని ఎంతో అనుకున్నాననీ, ఇంతలోనే అమ్మేశారేమనీ అడిగాడు. కృపానందం గారు ఆ పూట బూందీ లడ్డు చేతిలో పెట్టుకొని, తినకుండానే ఇంటికి వచ్చారు.

తరవాత పదేళ్ళూ ఆయన గుడ్డ కాగితం మీద కాలవలు గీస్తూనే ఉన్నారు. నీలం సిరాతో కాలవ, దాని పక్కన సన్నగా గట్టు. గీత గీస్తుండగానే ఆ గట్టు మీదికి ఎం.జి. వచ్చేది. అద్దం పడుకోబెట్టి ఉండేది. పక్కన భార్య మార్త కొంగు చెవుల మీదుగా బిగించి కట్టుకొని కూర్చునేది. వరి వెన్నుల వాసన, తడి మట్టి వాసన, కొంగలు ఒక్కొక్కటే లేచి అవతలి చేలో వాలడం. కాలవ ఎక్కడ మలుపు తిరిగితే కారూ అక్కడ మలుపు తిరిగేది. కృష్ణా డెల్టా మ్యాపులు కొన్నింట్లో కాలవలు కొంచెం అవసరానికి మించి వంపులు తిరిగి ఉంటే అందుకు ఇంజనీరింగు శాస్త్రాన్ని నిందించనక్కరలేదు.

డెబ్బై నాలుగు మాఘమాసంలో బాలశౌరి ఒక లారీ పని మీద పామర్రు వెళ్ళివచ్చి, చేతులు తుడుచుకుంటూ సభకు నివేదించాడు.

“మీ బండి బతికే ఉందండీ, కృపానందం గారూ. వెంకటప్పయ్య పెళ్ళి ఊరేగింపులకి తిప్పుతున్నాడు. ఇప్పుడు జీపు మీద హంస కట్టించాడంట, రెక్కలాడిస్తదంట. ఇక దీన్ని అమ్మేస్తాడంట.”

అమ్మినది తిరిగి దొరకడమన్నది వాళ్ళ నియమావళిలో ఊహించని విషయం. రామకోటేశ్వరరావు గారు తేరుకొని, మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నానన్నారు. ఆ ముఖం చూస్తే ఎవరో పోయారనుకోవాలి. సంజీవరావు గారు పెట్రోలు ధర గుర్తుచేశారు. ఊరేగింపుల్లో నలిగిన బండి ఏ గతిన ఉందోనని కూడా అన్నారు. కృపానందం గారికి ఇవేవీ వినబడలేదు. పదకొండేళ్ళుగా పొద్దున లేస్తే ఆయనకు ఒకటే కోరిక. అది పామర్రులో ఉంది. ఇంకొకరు కొనేలోగా అక్కడికి పోయి చేరాలి.

శనివారం తెల్లవారకుండానే బయలుదేరుతుంటే మార్త గుమ్మంలో చెప్పులు తొడుక్కొని నిలబడి ఉంది. బస్సులో ఎండా దుమ్మూ అని ఆయన నసిగారు.

“వచ్చేటప్పుడు బస్సులో రాముగా,” అంది మార్త.

పామర్రు బస్టాండు వెనక పెంకుటింటి ముందు కారు ఉంది. మొదట ఆనవాలు పట్టలేకపోయారు. ఒళ్ళంతా బంతిపూలు, అరిటాకులు. ఆకుపచ్చగా ఉండవలసినది పసుపు రంగులో ఉంది. ముందు దీపాల మీద కుంకం బొట్లు. కృపానందం గారు మెల్లిగా దండ ఒకటి పక్కకు జరిపి, తలుపు అంచు మీద చెయ్యి పెట్టారు. మోచెయ్యి ఆనే చోట ఇనుము మునుపటిలాగే నున్నగా ఉంది. కాసేపు అలాగే నిలబడిపోయారు. మార్త తలతిప్పుకొని వెంకటప్పయ్యను మంచినీళ్ళడిగింది.

వెంకటప్పయ్య మర్యాదస్థుడు. బేరమాడలేదు, పాత ధరకే ఇచ్చేస్తానన్నాడు. ఒకటే చిక్కు. తెల్లవారుజామున పెళ్ళయిన జంటను పది గంటలకు విడిదింటి దాకా ఊరేగించాలి. హంస గుడివాడ పెళ్ళికి పోయింది. ఈ బండి డ్రైవరుకు జ్వరం.

“మీ బండే కదండీ. మీరే కాస్త పోనిచ్చి, అట్నించటే తోలుకుపోండి,” అన్నాడు.

అలా కృపానందం గారు పదకొండేళ్ళ తరవాత తమ కారు ఎక్కారు. వధూవరులు వెనక మడిచిన టాపు మీద తివాచీ పరుచుకొని ఎత్తుగా కూర్చున్నారు. పక్క సీటు ఖాళీగా ఉంటే బాగుండదని పెళ్ళివారే మార్తను కూర్చోబెట్టారు. ముందు బాండుమేళం, వెనక జనం. ఆ వెనక ఇద్దరు మనుషులు మూడేసి బారల సరుగుడు వాసాలు భుజాన వేసుకొని వస్తున్నారు. పందిరి తాలూకు కర్రలు కాబోలనుకున్నారు ఆయన.

యాక్సిలరేటరు తొక్కితే దిగలేదు. కింద చెక్కముక్క బిగించి ఉంది. ఉత్సాహం ఎక్కువైన డ్రైవరు ఒకడు క్లారినెట్టు అతణ్ణి గుద్దినప్పటి నుంచీ ఈ ఏర్పాటు. బండి మొదటి గేరులో, మనిషి నడకన పోతోంది. గంటకు రెండు మైళ్ళు. అందులోనూ ప్రతి అరుగు దగ్గరా హారతికి ఆగాలి. ఎనభై మైళ్ళ మనిషికి ఇది అవమానమే. ఆయన కనీసం రెండో గేరైనా వెయ్యలేక మూలిగారు.

“మనప్పుడూ ఇంతేగా,” అంది మార్త, ముందుకు చూస్తూనే. “పాతిక దాటితే మీరు బ్రేకు మీద కాలు పెట్టేవారు. తొందరగా పోనియ్యండీ అని అడిగి అడిగి నేనే మానుకున్నా.”

ఆయన తరవాతి అరుగు దగ్గర హారతికి బండి ఆపి, “అమ్ముతుంటే ఒక్కమాటైనా అన్లేదేం?” అన్నారు.

“అడిగారా?”

కాలవ వంతెన దగ్గర ఊరేగింపు ఆగింది. ఇరుకు వంతెన. బాండు దాటింది, కారు ముందు చక్రాలు ఎక్కాయి, ఎదురుగా గడ్డిబండి వచ్చింది. దాని వెనక ఇంకో రెండు. మూడు జతల ఎడ్లూ మామూలుగా ఎడ్లు చూసినట్లే చూస్తున్నాయి. కృపానందం గారు వెనక గేరు వెయ్యబోయారు. గేరు కర్ర గిర్రున తిరిగింది గాని ఏమీ పట్టుకోలేదు. వెంకటప్పయ్య తలుపు పక్కకు వచ్చి వంగాడు.

“అది లేదండి. జంట ఎక్కిన బండి వెనక్కి పోకూడదు కదా. ఒకసారి ఒకడు పోనిచ్చాడు. ఆ పిల్ల మూణ్ణెల్లకే పుట్టింటికొచ్చి కూచుంది. ఊరంతా బండిదే తప్పన్నారు. ఇక వెనక గేరు పళ్ళు పీకించేశా.”

“మరి ఇప్పుడెట్లా?”

“మీరు స్టీరింగు పట్టుకోండి చాలు.”

సరుగుడు వాసాలు ముందుకొచ్చాయి. కారు అడుగున రెండు పక్కలా వేయించిన కొక్కేలలోంచి వాటిని దూర్చారు. ఇరవై మంది పంచెలు ఎగ్గట్టి భుజాలు ఆనించారు. కారు లేచింది. వెనక్కి కాదు, పక్కకు. వంతెన పక్కన రేవు మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో పల్లకీ మోసే బోయీల్లాగా నిలబడిపోయారు. దించడానికి చోటు లేదు కనుక, గడ్డిబళ్ళు మూడూ దాటేదాకా అలా మోయవలసిందే.

ఇంజను ఆగింది. బాండు వంతెన అవతల నుంచి వాయిస్తూనే ఉంది. కింద కాలవ మెల్లిగా పోతోంది. నీళ్ళలో పసుపు కారు, బంతిపూలు, తలకిందులుగా నలుగురు మనుషులు. మోసేవాళ్ళ ఊపిరితో పాటు బండి కొంచెం పైకీ కొంచెం కిందికీ ఊగుతోంది. వెనక పెళ్ళికూతురు మొదట భయపడి పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుంది, తరవాత నవ్వడం మొదలుపెట్టింది. పెళ్ళికొడుకు పట్టుకున్న చేతిని చూసుకుంటూ కూర్చున్నాడు. కృపానందం గారు స్టీరింగు రెండు చేతులా పట్టుకొని ఉన్నారు. ముప్ఫై ఏళ్ళు ఆయన కాలవ గట్టునే గీశారు. నీటి మీదుగా దారి గీయవచ్చని ఏ రోజూ తోచలేదు. చక్రాలు నాలుగూ దేన్నీ అంటుకోకుండా గాలిలో ఉన్నాయి. ఎండ నీళ్ళ మీద పడి మార్త గడ్డం కింద కదులుతోంది. ఎన్నిసార్లు కలగన్నా కారు ఇంత బాగా పోలేదు.

మూడో గడ్డిబండి దాటింది. కొంచెం తొందరగానే దాటిందని ఆయనకనిపించింది.

విడిదింటి దగ్గర జంటను దింపాక, వెంకటప్పయ్య కాగితాలు తెచ్చాడు. కృపానందం గారు సంతకం పెట్టారు. ఇక కారు ఆయనది. మార్త కొంగు చెవుల మీదుగా బిగించింది. అప్పుడు రావమ్మ అనే పెద్దావిడ వచ్చి బండి ముందు నిలబడింది. తాంబూలం పళ్ళెం తెచ్చింది. మార్త పూలు తీసుకొని బొట్టు వద్దంటే మరేమీ అనుకోలేదు గాని, బండి పోతోందన్న మాటకు మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ముగ్గురు కూతుళ్ళను ఇందులోనే పంపింది. నాలుగోదాని పెళ్ళి ఫాల్గుణంలో. ఆ పిల్ల హంస వద్దని పట్టుబట్టింది.

“హంస వెనక్కి పోతుందంట అన్నయ్యగారూ. ఏ ధైర్యంతో ఎక్కించమంటారు?”

కృపానందం గారు మార్త వంక చూశారు. ఈసారి అడిగారు.

“ఏమంటావు?”

“ఫాల్గుణమెంత, నెలేగా,” అంది మార్త, కొంగు ముడి విప్పుకుంటూ.

ఇద్దరూ బస్సులో తిరిగివచ్చారు. ఫాల్గుణంలో కారు తెచ్చుకుందామని వెళ్ళారు. రావమ్మ కూతుర్ని ఊరేగించారు. దిగేసరికి వైశాఖంలో ఇంకో ఇంటివాళ్ళు కాచుకొని ఉన్నారు. వైశాఖంలో వెళితే శ్రావణం. ఈ బండిని ఇంటికి తోలుకురావాలని ఆయన ప్రతి ముహూర్తానికీ పామర్రు వెళ్తూనే ఉన్నారు. గేరు పళ్ళు కట్టిస్తానని బాలశౌరి అంటే, తొందరేముందిలే అంటున్నారు.

ఈ పరిణామం సభను చిక్కులో పడేసింది. అమ్ముకొని ఏడ్చేవాడు సభ్యుడు, సరే. కొనుక్కొని తెచ్చుకోనివాడు ఎవరు? సంజీవరావు గారు పాయింటు లేవదీశారు. మూడో షరతు నెరవేరడం లేదని, అంటే ఏడవడం లేదని, సభ్యత్వం రద్దు చేయాలన్నారు. రామకోటేశ్వరరావు గారు మాత్రం మర్నాడు ఒంటరిగా వచ్చి, వచ్చే ముహూర్తం ఎప్పుడని మెల్లిగా అడిగారు. మోయడానికి మనుషులు చాలకపోతే తమ మిల్లు నుంచి హమాలీలను పంపుతామనీ, అవసరమైతే తామూ ఒక భుజం ఆనిస్తామనీ చెప్పారు.

కార్తీకంలో మార్త బూరుగుదూదితో రెండు దిండ్లు కుట్టింది. పామర్రు తీసుకువెళ్ళి సీట్ల మీద సరిపోయాయో లేదో చూసుకొని, అక్కడే వదిలివచ్చింది.