దవడలో వేయించుకున్న బోరు

ఆ రోజుల్లో మా ఉరవకొండ వైపు పల్లెల్లో నవ్వాలంటే ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. ఆడవాళ్లు కొంగు, మగవాళ్లు తువ్వాలు, ఏదీ లేని కాలేజీ పిల్లలు అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. ఊరికి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఉద్యోగస్థులు అది మా వినయం అనుకుని మురిసిపోయేవారు. వినయం కాదు, పళ్లు. మా బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఊళ్లో అందరి ముందుపళ్ల మీదా గోధుమరంగు చారలు గీసిపెట్టింది. మేం దాన్ని గార అనేవాళ్లం. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు అది గార కాదనీ, చిన్నప్పుడే పంటి లోపల పుట్టిన మరక అనీ, తోమితే పోదనీ పుస్తకంలో చదివి, ఆ గొప్ప సంగతి ఇంటికొచ్చి చెప్పాను. మా అవ్వ అంతా విని, "నువ్వు చదివినావని పోతాదా అది?" అని అడిగింది. పోదన్నాను. "మళ్లేమిటికి చదివినావు?" అంది.

చదివినందుకు నాకొక ఉద్యోగం మాత్రం వచ్చింది. అప్పుడే కొత్తగా ఉరవకొండలో కేబుల్ టీవీ నడుపుతున్న ఒకాయన (ఊరంతా ఆయన్ని కేబులన్న అనేవాళ్లు, ఆయన భార్య కూడా) వారానికొకసారి స్థానిక వార్తలు మొదలుపెట్టాడు. చదవడానికి స్పష్టంగా మాట్లాడే అమ్మాయి కావాలన్నాడు. నేను వెళ్లాను. ఒక నీలం గుడ్డ ముందు కూర్చోబెట్టి, ఎరువుల కొరత గురించి చదివించి, "బాగుండాది పాపా. అయితే అయిపోయినాక నమస్కారం పెట్టి నవ్వాల. నవ్వు లేకపోతే వార్తలు ముగిసినట్లు ఎవురికీ తెలీదు" అన్నాడు. చెయ్యి అడ్డం లేకుండా నవ్వడం నా జీవితంలో అదే మొదలు. నమస్కారం పెట్టినప్పుడు రెండు చేతులూ ముఖం దగ్గరే ఉంటాయి కనుక వాటిని ఇంకొంచెం పైకెత్తి ఆ గండం గట్టెక్కేదాన్ని.

వినాయక చవితి వెళ్లిన వారానికి బోరింగు దగ్గర బిందె పెట్టి వంగానో లేదో, లోపల గొలుసు తెగి, పంపు పిడి ఎగిరొచ్చి నా మూతి మీద కొట్టింది. పై వరసలో సరిగ్గా నడిమి పన్ను రాలిపోయింది. పళ్లకు రంగు వేసిందీ ఆ బోరింగే, పన్ను రాల్చిందీ ఆ బోరింగే. నేను రక్తం కారుతూ ఏడుస్తుంటే పక్కింటి పెద్దమ్మ పరిగెత్తుకొచ్చి, "అయ్యయ్యో, గొలుసు తెగిపాయనే! ఇంక నీళ్లకు యాడికి పోయేది!" అని తల పట్టుకుంది.

ఇంట్లో అవ్వ ధైర్యం చెప్పింది. "ఒక పన్నుకే ఇంత ఏడుపా మే? నాకు నోరంతా పోయింది, బతకలా? సెట్టు పెట్టించుకుంటే సరి." అవ్వకు పై వరసా కింది వరసా పూర్తి పళ్లసెట్టు ఉండేది. పెళ్లిళ్లకూ చావులకూ మాత్రమే పెట్టుకునేది. తినడానికి తీసేసేది. ఆ పళ్లు ఒక్కొక్కటీ కొత్త సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా, అన్నీ ఒకే ఎత్తులో ఉండేవి. ఊళ్లో అందరి నోళ్లలో గార, మా అవ్వ నోట్లో పౌర్ణమి. ఆమె నవ్విందంటే ఎదుటివాళ్లు ఆమె ముఖం చూడరు, పళ్లు చూస్తారు. నాకు భయం వేసింది. నాకు కావాల్సింది అందమైన పన్ను కాదు. ఎవరికీ కనబడని పన్ను. పెట్టుడు పన్ను అని ఒక్కరు కూడా గుర్తుపట్టకూడదు.

కేబులన్న మంచివాడే గానీ వ్యాపారస్థుడు. "చూడు పాపా, ఉగాదికి కొత్త సెట్టింగు పెడ్తాండా, రంగు లైట్లు తెప్పిస్తాండా. ఆ లోపల నీ నోరు సరి చేసుకో. లేదంటే గుంతకల్లు నుంచి ఇంకో పాప వస్తానంటాంది" అన్నాడు. గుంతకల్లు పాప నీళ్లు ఎలాంటివో నాకు తెలియదు గానీ ఆమె పళ్లు మల్లెమొగ్గలని అప్పుడే ఊహించేసుకుని రాత్రులు నిద్ర మానేశాను. (కంగారు నాకు పుట్టుకతో వచ్చింది, పిల్ల పుట్టాక వచ్చింది కాదు.) ఆ వార్తలు నాకు వదులుకోవాలని లేదు. మా వంశంలో ఒక ఆడమనిషి చెబితే ఊరంతా నోరు మూసుకుని వినడం అదే మొదటిసారి.

అనంతపురంలో బెంగళూరు చదువు చదివొచ్చిన ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు. మిగిలిపోయిన వేరు తీసి, గాయం మానాక, అంగిలికి అంటుకునే గులాబీ రంగు ప్లాస్టిక్ పలకకు ఒక పన్ను అతికించి ఇచ్చాడు. తీసి పెట్టుకునే పన్ను. దాని సంగతి పెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. అంగిలి మూసుకుపోయి పుల్లటి పులగూరకూ పప్పుకూ తేడా తెలిసేది కాదు. సంగటి ముద్ద మింగుతుంటే పలక కూడా వస్తానని బయలుదేరేది. చెనిక్కాయల పొడి, అదే వేరుశనగ పొడి, దాని కిందికి చేరితే చెప్పులో రాయి పడ్డట్టే. పన్ను తెలుపు వేరు, పక్క పళ్ల చారలు వేరు. అరుగు మీద కూర్చున్న మా చిన్నాయన దూరం నుంచే, "ఏమ్మా, మూడిండ్లలో ఒగ ఇంటికే సున్నం కొట్టించినావే!" అన్నాడు.

ఆ పలకతో మూడోసారో నాలుగోసారో వార్తలు చదివిన రోజు ఇప్పటికీ తలుచుకుంటే చెమట పడుతుంది. ఆ వారం వార్త, వానల్లేక బెళుగుప్ప మండలంలో చెనిక్కాయ పంట ఎండిపోవడం. మాది అప్పుడు లైవు, తప్పు దొర్లితే దిద్దుకునేది లేదు. "రైతులు పంటను పశువులకు వదిలేశారు" అనే వాక్యం సగంలో పలక ఊడి నాలుక మీద పడింది. నాలుకతో పైకి నొక్కిపట్టాను. నిలవలేదు. పెదవులు బిగించి, గొంతులోకి జారకుండా పళ్లతో కరిచిపట్టి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కెమెరా వైపే చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని సర్దుకుని, వణుకుతున్న గొంతుతో మిగతాది చదివి, నవ్వకుండానే నమస్కారం పెట్టాను. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఫోన్లు మోగాయి. కేబులన్న ఒక్కొక్కటీ ఎత్తి విని, నా వైపు కొత్త గౌరవంతో చూశాడు. "'పంట పాయెనని చదవలేక ఏడ్చిందంట గదన్నా ఆ పాప! మా యమ్మ గూడా ఏడ్చింది. ఎవురి బిడ్డో, సల్లగుండాల' అంటాండారు." తర్వాత గొంతు తగ్గించి, "ప్రతి వారం ఇట్లనే ఏడ్సగలవా?" అని అడిగాడు.

ఆ రోజే తీర్మానించుకున్నాను. ఊడే పన్ను వద్దు. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళితే, దవడ ఎముకలో చిన్న స్క్రూ బిగిస్తామనీ, నాలుగు నెలలు ఎముక దాన్ని పట్టుకునేదాకా ఆగాలనీ, తర్వాత దాని మీద పన్ను కూర్చోబెడతామనీ చెప్పాడు. పలక ఉండదు, తీసేది ఉండదు, పక్క పళ్ల మీద భారం పడదు, పన్ను పోయిన చోట ఎముక అరిగిపోవడం తగ్గుతుంది. సొంత పన్నులాగే కొరుక్కోవచ్చు. ఇంటికొచ్చి ఇదంతా మా నాయనకు చెప్పాను. మా నాయన అప్పటికి చేనులో వేయించిన బోర్లన్నీ ఎండిపోయిన మనిషి. నేను చెప్పేది అర్థం కావడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

"అంటే, ఎముకలో బోరేస్తారా?"

"బోరు కాదు నాయనా, స్క్రూ."

"తొవ్వుతారా లేదా?"

"తొవ్వుతారు."

"మళ్లా బోరే గదా!" అని లేచి అవతలికి పోయాడు. అవ్వ కూడా ఆయన పక్షమే. "ఉన్న సెట్టు పెట్టుకుని గమ్మునుండక దవడలో మేకులు కొట్టించుకుంటాదంట!" నేను మూడు రోజులు అన్నం మానేశాను. (పలక తీసేసి చాటుగా బెల్లం తిన్నాను. ఆ సంగతి అవ్వకు తెలుసు.) నాలుగో రోజు నాయన, "నడువు, ఆ డాక్టరుతో నేను మాట్లాడల్ల" అన్నాడు. ఖర్చు గురించి ఇక్కడ రాయను. రాస్తే మా నాయన ఇప్పుడు కూడా భోజనం మధ్యలో లేస్తాడు.

డాక్టరు ఎదురుగా కూర్చుని నాయన అడిగిన ప్రశ్నలు నేను మర్చిపోలేను. "ఎంత లోతు పోతారు సామీ? కేసింగ్ పైపు ఏస్తారా? మధ్యలో రాయి తగిలితే?" డాక్టరు ఓపికగా అన్నిటికీ జవాబు చెప్పాడు. చివరికి నాయన, "ఫెయిలయితే?" అన్నాడు. "చాలా వరకు కాదండీ. ఎప్పుడో ఒకటి ఎముక పట్టదు." నాయన నా వైపు తిరిగి, "ఇన్యావా? మన బోరుబండోడు గూడా అచ్చం ఇదే మాట చెప్పె" అన్నాడు. "నా దవడ మన చేను కాదు నాయనా. నేను ఏపించుకుంటా" అన్నాను. ఆయన, "సరే. పాయింటు మాత్రం సరిగ్గా చూసి ఎయ్యి సామీ" అని డాక్టరుకు చెప్పాడు.

దీపావళి వెళ్లాక ముహూర్తం. నేను కుర్చీలో పడుకుని, మత్తు సూదికి మూతి మొద్దుబారి ఉంటే, బయట పెద్ద గొడవ వినిపించింది. మా నాయన సంచిలో నుంచి కొబ్బరికాయ, కర్పూరం, నిమ్మకాయలు తీశాడట. మా వైపు పూజ చేయకుండా బోరుబండి తొవ్వడం మొదలుపెట్టదు. నర్సు తలుపుకు అడ్డం నిలబడి, "లోపలికి అవన్నీ తేకూడదు తాతా" అంటోంది. నాయన, "లోపలికి వద్దులేమ్మా, మిషన్ను బయటికి తీసుకురాపో, ఇట్ల ముట్టిచ్చి ఇచ్చేస్తా" అంటున్నాడు. చివరికి డాక్టరే చేతులకు గ్లౌజులతో బయటికి వెళ్లి, మెట్ల మీద కాయ కొట్టుకోవచ్చని ఒప్పందం చేసి వచ్చాడు. టపీమని కాయ పగిలిన చప్పుడు వినబడ్డాకే డాక్టరు మిషను ఆన్ చేశాడు. ఆ తర్వాత మా నాయన, పంటినొప్పితో చెంపలు పట్టుకుని కూర్చున్నవాళ్లందరికీ పేరుపేరునా కొబ్బరిముక్కలు పంచిపెట్టాడట.

చలికాలమంతా ఆయన నన్ను రోజూ పొద్దున్నే ఒకే మాట అడిగాడు. "పట్టినట్లుండాదా?" నేను మాత్రం ఏం చెప్పగలను? రాత్రిళ్లు అది కదులుతోందేమోనని వేలితో తడుముకుని, తడిమినందుకే కదిలిందేమోనని భయపడి, తెల్లవారి అనంతపురం బస్సెక్కి పోయి డాక్టరుతో తిట్లు తినేదాన్ని. శివరాత్రి దాటాక డాక్టరు దాన్ని తట్టి చూసి, "పట్టిందమ్మా, గట్టిగా ఉంది" అన్నాడు. నాయన కుర్చీలో నుంచి లేచి, "నీళ్లు పడె!" అన్నాడు.

ఇంక పన్ను రంగు. డాక్టరు పళ్ల నమూనాల పట్టీ తీసి నా మూతి దగ్గర పెట్టాడు. పాల తెలుపు నుంచి పసుపు దాకా అన్ని రంగులూ ఉన్నాయి, మా ఊరి రంగు లేదు. "తెల్లది పెడదాం, పక్క పళ్లకు కూడా తొడుగులు వేసేద్దాం, అన్నీ మెరుస్తాయి" అన్నాడు. అంటే బాగున్న పళ్లను అరగదీయాలి. నేను ఒప్పుకోలేదు. అద్దం తీసుకుని, పక్క పంటి మీద చార ఎక్కడ మొదలై ఎక్కడ పలచబడిందో కాగితం మీద రంగు పెన్సిలుతో గీసిచ్చాను. బెంగళూరు ల్యాబు నుంచి పన్ను తళతళా మెరుస్తూ వచ్చింది. కాగితం మీద టీ ఒలికిందనుకుని చార వదిలేశారట. వెనక్కి పంపించాను. "కొత్త పన్నుకు గారా? ఎవరైనా కావాలని పెట్టించుకుంటారా?" అని ల్యాబు వాళ్లు ఫోన్ చేసి అడిగితే డాక్టరు ఫోను నా చేతికిచ్చాడు. "నేను పెట్టించుకుంటా. అడ్డంగా, కొంచెం వంకరగా. చివర్లో పలచగా" అన్నాను. ఉగాది ఇంకా వారం ఉంది.

పండగకు ముందురోజు పన్ను బిగించారు. అద్దంలో చూసుకుంటే ఏది నాదో ఏది కొన్నదో నాకే తెలియలేదు. ఊళ్లోకి వస్తే పక్కింటి పెద్దమ్మ నా మూతిలోకి తొంగి చూసి, "పన్ను పెట్టిచ్చుకుంటానని ఇన్ని దినాలు తిరిగితివి, పాతదాన్నే అతికిచ్చి పంపిరా? మోసం చేసినారు మే!" అంది. ఆమెను గట్టిగా వాటేసుకున్నాను. కేబులన్న మాత్రం కొత్త లైట్ల కింద నన్ను చూసి నీరసపడిపోయాడు. "ఇంత చేసి, ఇన్ని నెలలు కాసుకోనుంటే, గార పన్నా పాపా? ఎవురన్నా ఒక్కరు ఫోన్ చేసి ఏమన్నా అన్నారంటే వచ్చే వారం గుంతకల్లు పాపే." నేను చదివాను. చివర్లో చేతులు గుండె దగ్గరే ఉంచి నమస్కారం పెట్టి, మొత్తం పళ్లు కనబడేలా నవ్వాను. ఇద్దరం ఫోను వైపు చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి ఒకటి మోగింది. కేబులన్న ఎత్తి, విని, పెట్టేశాడు. "ఏమన్నారన్నా?" "రేపు నీళ్లు ఎన్ని గంటలకు వదులుతారని అడుగుతాండారు." ఇంకో ఫోను రాలేదు. ఎవరికీ ఏమీ కనబడలేదు. "సరే, వచ్చే వారం తొందరగా రా" అన్నాడు.

ఈ మధ్య మా పాప పాలపళ్లు ఊడుతుంటే, వచ్చే పళ్లు ఎలా వస్తాయోనన్న బెంగతో (క్యాను నీళ్లే తాగిస్తున్నా, ఆ క్యాను ఎక్కడ నింపారోనన్న బెంగ వేరే) దాన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. పాప పళ్లు ముత్యాల్లా వస్తున్నాయని చెప్పి, ఆమె నా నోరు కూడా చూసింది. "ఇప్పుడు మందులొచ్చాయి, మీ మరకలు చాలా వరకు తెల్లబరచొచ్చు" అంది. ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆమె ఇంకా దగ్గరగా లైటు పెట్టి చూసి, "అరె, ఇది పెట్టిన పన్నా! దీని రంగు మాత్రం ఏ మందుకూ పోదండీ. మిగతావి తెల్లబరిస్తే ఇదొక్కటే చారతో మిగిలి, పెట్టుడు పన్నని అందరికీ తెలిసిపోతుంది" అంది. ఇంక ఏం చేస్తాను? నోరంతటిలో అబద్ధం ఆ ఒక్కటే, దానికోసం నిజమైనవన్నీ గారతోనే ఉండిపోవాలి. ఉగాది ముందు వారం బెంగళూరుకు ఫోన్‌లో "అడ్డంగా, కొంచెం వంకరగా" అని ఆజ్ఞాపించిన ఆ మొండి పిల్ల, ఇన్నేళ్ల తర్వాత నా నోట్లో కూర్చుని ఇంకా తన మాటే నెగ్గించుకుంటోంది. వద్దులెండి డాక్టరుగారూ అని చెప్పి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వి, పాప చెయ్యి పట్టుకుని బయటికొచ్చాను.